శ్రావణం పెళ్లిళ్ల లైవ్ గురించి మా కస్టమర్లకు

శ్రావణ మాసం ముహూర్తాలకు బుకింగ్స్ మొదలయ్యాయి. తిరుపతి, చంద్రగిరి, చిత్తూరు నుంచి ఫోన్ చేసేవాళ్లలో చాలామంది ఫొటో, వీడియో సంగతి మాట్లాడుకున్నాక చివర్లో "యూట్యూబ్‌లో లైవ్ కూడా పెట్టేయండి" అంటున్నారు. ఇకమీదట మండపంలో నెట్ చూడకుండా లైవ్ ఒప్పుకోం. ప్యాకేజీలో ఫ్రీగా కలిపి ఇవ్వడం కూడా ఆపేశాం. ఎందుకో చెబుతాం.

లైవ్‌కు కావాల్సింది అప్‌లోడ్ స్పీడు, అంటే ఇక్కడి నుంచి నెట్‌లోకి పంపే వేగం. "మా మండపంలో వంద ఎంబీపీఎస్ ఉంది సార్" అని మేనేజర్లు చెప్పేది చాలాసార్లు డౌన్‌లోడ్ లెక్క. ఫుల్ హెచ్‌డీలో యూట్యూబ్‌కు మేం సెకనుకు 6 మెగాబిట్లు (6 ఎంబీపీఎస్) పంపుతాం. అది నిలకడగా సాగాలంటే అప్‌లోడ్ దానికి రెట్టింపు ఉండాలి. గంటకు 2.7 జీబీ ఖర్చవుతుంది. రోజుకు 2 జీబీ వచ్చే సిమ్‌తో హాట్‌స్పాట్ పెడితే ముహూర్తం దాకా కూడా రాదు.

మొన్న వైశాఖంలో చంద్రగిరి దగ్గర ఒక పెళ్లి చేశాం. ముందురోజు ఖాళీ హాల్లో సిమ్ నెట్ చక్కగా ఉంది. తెల్లారి హాలు నిండింది. జీలకర్ర బెల్లం వేళకు అందరూ ఫోన్లు ఎత్తి, తీసిన వీడియోలు అక్కడికక్కడే వాట్సాప్‌లో పంపడం మొదలుపెట్టేసరికి అప్‌లోడ్ 1 ఎంబీపీఎస్ కంటే కిందికి పడిపోయింది. మా కుర్రాడు వెంటనే రెండో కంపెనీ సిమ్‌కు మార్చి, వీడియో క్వాలిటీని ఫుల్ హెచ్‌డీ నుంచి 720పీకి దించాడు. కొన్ని సెకన్లు ఆగి లైవ్ మళ్లీ అందుకుంది. నెట్ తెగితే లైవ్‌ను దానంతటదే ముగించే 'ఆటో స్టాప్' సెట్టింగ్ తీసేసి పెడతాం కాబట్టి లింక్ మారలేదు. అక్కడ న్యూజెర్సీలో రాత్రి పదకొండున్నర దాటింది. పెళ్లికూతురి అక్క చేతిలో అక్షింతలు పట్టుకుని టీవీ ముందు కూర్చుని ఉందట. బొమ్మ కాస్త మసగ్గా వచ్చినా తాళి కట్టడం చూసి ఆవిడ అక్షింతలు వేసింది. మాకు కావాల్సింది అదే.

అందుకే ఇప్పుడు మండపం రూటర్ నుంచి మా టేబుల్ దాకా కేబుల్ లాగుతాం, వైఫైని నమ్ముకోం. రెండు కంపెనీల సిమ్‌లు స్టాండ్‌బైగా ఉంటాయి. కరెంటు పోయి జనరేటర్ ఆన్ అయ్యేలోపు రూటర్ ఆరిపోతే మళ్లీ నెట్ రావడానికి నిమిషాలు పడుతుంది కాబట్టి దానికి చిన్న యూపీఎస్ పెడుతున్నాం. వీటన్నిటికీ ఒక మనిషి ముందురోజు నుంచీ అక్కడే ఉండాలి. విడిగా డబ్బులు అడిగేది అందుకే.

సౌండ్ విషయంలో మీ సాయం కావాలి. మండపం మిక్సర్ నుంచి లైన్ తీసుకుంటే అయ్యగారి మంత్రాలు మాత్రమే స్పష్టంగా వస్తాయి. మేళం వాళ్లకు మైకు ఉండదు, కెమెరా మైకులోనేమో నాదస్వరం పగిలిపోతుంది. పందిరి పక్కన మా మైకు ఒకటి పెడతాం, డెకరేషన్ వాళ్లు తీసేయకుండా చూడండి.

సంగీత్‌లో సినిమా పాటలు స్పీకర్లో పెడితే కాపీరైట్ వల్ల యూట్యూబ్ లైవ్‌ను మధ్యలో ఆపేయొచ్చు. అన్నమయ్య కీర్తనైనా ఎవరో పాడిన రికార్డింగ్ పెడితే దానికీ హక్కుదారు ఉంటారు. మనవాళ్లు ఎవరైనా పాడితే చాలా బాగుంటుంది.

లింక్ 'అన్‌లిస్టెడ్'గా ఇస్తాం. వెతికితే దొరకదు కానీ తాళం వేసినట్టు మాత్రం కాదు. వాట్సాప్‌లో ఎవరు ఫార్వర్డ్ చేసినా చూడొచ్చు. ఇంటివాళ్లకే కావాలంటే అందరి జీమెయిల్ ఐడీలు ముందే ఇవ్వండి, ప్రైవేట్‌గా పెడతాం. అప్పుడు ఊళ్లో ఫోన్ సరిగ్గా వాడలేని అవ్వాతాతలకు కాస్త కష్టమవుతుంది, అదీ ఆలోచించండి.

తిరుమల పెళ్లిళ్లకు పెళ్లి జరిగే మఠం వాళ్ల అనుమతి, వాళ్ల నెట్ రెండూ తేలాకే మాటిస్తాం. శ్రీవారి ఆలయంలోకి ఫోన్లు, కెమెరాలు అనుమతించరు, కొండ మీద డ్రోన్ నిషేధం. ఆ రెండూ దయచేసి అడగొద్దు.

ఇప్పటికే అడ్వాన్స్ ఇచ్చినవాళ్లకు పాత రేటే, లైవ్‌కు పైసా ఎక్కువ తీసుకోం. మండపం పేరు, ముహూర్తం టైము పంపితే ఈ ఆషాఢంలోనే మా కుర్రాడు వెళ్లి నెట్ చూసి వస్తాడు.