పాఠం ఎనిమిదో తరగతిలో, ప్రశ్న మూడో తరగతిలో

తల్లిదండ్రులకు నమస్కారం.

"చిన్నపిల్లలకు నెలసరి, గుడ్ టచ్ బ్యాడ్ టచ్, ఆడా మగా తేడాల పాఠాలు, ఇవన్నీ ఇప్పుడే ఎందుకు మేడం?" అని మొన్న మీటింగులో కొందరు అడిగారు. తీరిగ్గా జవాబు చెప్పాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

సైన్సు పుస్తకంలో కౌమార దశ పాఠం వచ్చేది ఎనిమిదో తరగతిలో. కానీ ఐదు, ఆరు తరగతుల్లోనే పెద్దమనిషి అవుతున్న అమ్మాయిలు ఎందరో. పాఠం వచ్చేసరికి ఆ భయమంతా వాళ్లు ఒంటరిగానే అనుభవించేసి ఉంటారు. అందుకే ఈ ఏడాది ఐదో తరగతి నుంచే నెలసరి గురించి చెబుతున్నాం. మగపిల్లలూ అదే క్లాసులో కూర్చుంటారు. తోటి అమ్మాయి యూనిఫాం మీద మరక కనబడితే నవ్వకూడదని వాళ్లకీ తెలియాలి కదా.

ఇక చిన్న తరగతులు. శరీర భాగాల చార్టులో కళ్లు, ముక్కు, మోచేయి, మోకాలు అన్నింటికీ పేర్లుంటాయి. చడ్డీ కప్పే చోటుకు మాత్రం ఉండదు. పేరే తెలియని చోట ఎవరైనా చెయ్యి వేస్తే పిల్లాడు ఇంటికొచ్చి ఏమని చెప్పుకుంటాడు? అందుకే ఒకటో తరగతిలోనే ఆ పేర్లు మామూలుగా చెప్పి, గుడ్ టచ్, బ్యాడ్ టచ్ నేర్పిస్తున్నాం. పిల్లలను లైంగిక వేధింపుల నుంచి కాపాడే 2012 నాటి పోక్సో చట్టం 18 ఏళ్లలోపు ఆడపిల్లలకూ మగపిల్లలకూ ఒకేలా వర్తిస్తుంది. "మగపిల్లాడికేం భయం" అనుకోకండి. అవసరమైతే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయొచ్చని పిల్లలకు నేర్పండి.

ఇంటిపని ఆడవాళ్లదే కాదని కూడా నేర్పిస్తున్నాం. కేరళ 2024లో మూడో తరగతి పుస్తకం మార్చి, నాన్న కొబ్బరి కోరుతున్న బొమ్మ వేసింది. మా టీచర్ ఆ బొమ్మ చూపించగానే ఒక బాబు, "మా నాన్న కూడా దోసెలు పోస్తాడు" అన్నాడు. ఎవరైనా నవ్వుతారని అన్నాళ్లూ దాచుకున్నాడట! ఆ మాట నన్ను చాలా బాధపెట్టింది. ఏడ్చే మగపిల్లాడిని "ఆడపిల్లలా ఏంటది?" అని దయచేసి ఇంట్లో కూడా అనకండి.

సిగ్నల్ దగ్గర కనిపించే ట్రాన్స్‌జెండర్ల గురించి కూడా పిల్లలు అడుగుతారు. 2014లో సుప్రీంకోర్టు వాళ్లను మూడో జెండర్‌గా గుర్తించింది, మనతో సమానంగా హక్కులున్న మనుషులని చెప్పండి, చాలు. చప్పట్లు కొట్టి వెక్కిరించే ఆటలు మా గ్రౌండులో ఒప్పుకోం.

వచ్చే శనివారం మధ్యాహ్నం 3 గంటలకు ఈ పాఠాల చార్టులన్నీ లైబ్రరీలో పెడుతున్నాం. చూసి, అభ్యంతరం ఉంటే నాతోనే నేరుగా మాట్లాడండి. అమ్మలతో పాటు నాన్నలూ తప్పకుండా రండి.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు