వచ్చే వారం పార్సిళ్లు ఆగుతాయి, ఎందుకో వివరంగా

మా దగ్గర నేరుగా పుస్తకాలు కొనేవాళ్లకు ముందు అసలు విషయం. వచ్చే సోమవారం నుంచి శనివారం దాకా ఏ ఆర్డరూ బయటికి వెళ్లదు. ఈ శుక్రవారం మధ్యాహ్నం 2 గంటల్లోపు డబ్బు అందినవి శనివారం పోస్టాఫీసుకు చేరతాయి. ఆ తర్వాత వచ్చినవన్నీ పై సోమవారం ఒకే విడతగా వెళ్తాయి. వాట్సాప్‌లో జవాబు రోజుకు ఒక్కసారే, రాత్రి 8 తర్వాత. పెళ్లికో గృహప్రవేశానికో బహుమతిగా ఇవ్వాలనుకునేవాళ్లు శుక్రవారం దాటనివ్వకండి.

కారణం ఇది. సొంతంగా అచ్చేసుకుని సొంతంగా అమ్ముకునే రచయితలం ఐదుగురం కలిసి హార్స్‌లీ హిల్స్ మీద ఒక ఇల్లు అద్దెకు తీసుకున్నాం. ఊరికి దూరంగా కొన్నాళ్లుండి రాతపని చేసుకోవడమే, రైటింగ్ రిట్రీట్ అంటే పెద్దగా ఊహించుకోకండి. పాఠం చెప్పే గురువు లేరు, సర్టిఫికెట్ లేదు, శాలువాలు అసలే లేవు. మదనపల్లె నుంచి దాదాపు 30 కిలోమీటర్లు, 4 వేల అడుగుల పైచిలుకు ఎత్తు. 1919లో రవీంద్రనాథ్ టాగూర్ జనగణమనకు ఇంగ్లీషు అనువాదం చేసింది ఆ మదనపల్లె కాలేజీలోనే. మేం ఆ కొండను ఎంచుకోవడానికి మాత్రం కారణం అది కాదు, అక్కడ నమ్మకమైన వంటమనిషి దొరకడం.

ఇప్పుడే ఎందుకంటే, ప్రెస్సుల సీజను. నవంబరు చివరికి ప్రెస్సులన్నీ క్యాలెండర్లు, డైరీలతో నిండిపోతాయి. 500 కాపీల పుస్తకం పట్టుకెళ్తే సంక్రాంతి తర్వాత రమ్మంటారు. విజయవాడ పుస్తక మహోత్సవం జనవరి మొదటి వారంలోనే మొదలవుతుంది. మా ప్రెస్సువాళ్లు నవంబరు 20కి ఫైలు చేతికిస్తేనే డిసెంబరు మొదటి వారంలో బైండింగ్ చేసి ఇస్తామన్నారు. అక్కడి నుంచి వెనక్కి లెక్క వేసుకుంటే, రెండో ప్రూఫుకు నాలుగు రోజులు, దిద్దుబాట్లు ఎక్కించడానికి మూడు, మొదటి ప్రూఫుకు వారం, పేజీలు పెట్టడానికి ఐదు. అంటే నవంబరు 1 నాటికి రాతప్రతి డీటీపీ ఆపరేటర్, అంటే కంప్యూటర్‌లో పేజీలు పెట్టే మనిషి, టేబుల్ మీద ఉండాలి. అచ్చు అయ్యాక కూడా తొందరపడకూడదు. ముసురులో పర్ఫెక్ట్ బైండింగ్ (కుట్టకుండా జిగురుతో అతికించడం) చేసిన పుస్తకాన్ని వెంటనే డబ్బాలో పెడితే అట్ట గాలికి లేచినట్టు వంగిపోతుంది. రెండు రోజులు బరువు కింద ఉంచాకే కట్టలు కట్టాలి.

నా కొత్త నవల చిత్తుప్రతి ఇప్పటికే పూర్తయింది. రిట్రీట్‌కు ఏమీ రాయకుండా తెల్ల కాగితాలతో వెళ్లేవాళ్లు మొదటి మూడు రోజులూ కిటికీ లోంచి కొండలు చూడటానికే ఖర్చు పెడతారు. అలాంటి చోట బాగా సాగేది రాయడం కాదు, కోత. నా చిత్తు 58 వేల మాటలు. డెమ్మీ సైజులో, అంటే మామూలు నవల సైజులో, పేజీకి 220 మాటల లెక్కన 264 పేజీలు, ముందు పేజీలు 8 కలిపితే 272. కావాల్సింది 240. ఒకే పెద్ద కాగితం మీద అచ్చేసి మడిచే పేజీల కట్టను ఫారం అంటారు, ఒక్కో ఫారం 16 పేజీలు. 240 అంటే సరిగ్గా 15 ఫారాలు. 242 అయిందా, ఆ రెండు పేజీల కోసం ఇంకో ఫారం వేయాలి, 14 పేజీలు ఖాళీగా మిగులుతాయి. చివర్లో తెల్ల పేజీలు గుత్తిగా కనిపించే పుస్తకాలు మీ ఇంట్లో ఉంటే కారణం చాలాసార్లు ఇదే. కాబట్టి ఏడు వేల మాటలు పోవాలి. అక్కడో మాట ఇక్కడో మాట గిల్లితే ఆ లెక్క తేలదు. ఒక ఉపకథ మొత్తం పోవాలి, లేదా రెండు పాత్రలు ఒకటవ్వాలి.

కోత స్క్రీన్ మీద కుదరదు. చిత్తు మొత్తం ఏ4 మీద, 14 పాయింట్లలో, వరుసల మధ్య రెట్టింపు ఖాళీతో, ఒకవైపే ప్రింటు తీయించి పట్టుకెళ్తాం. 200 పైచిలుకు కాగితాలు, కిలో బరువు. పేజీ నంబరు తప్పనిసరి. అది లేని కట్ట ఒక్కసారి గాలికి ఎగిరితే మధ్యాహ్నం మొత్తం సర్దడానికే సరిపోతుంది. జెల్ పెన్నులు వద్దు. కొండ మీద పొద్దున మంచుకు కాగితం చెమ్మగిల్లి సిరా పాకుతుంది. బాల్ పెన్నూ పెన్సిలూ చాలు.

రోజు ఇలా నడుస్తుంది: 6 నుంచి 9 దాకా, మళ్లీ టిఫిన్ అయ్యాక 12:30 దాకా మాటల్లేవు, ఫోన్లు వంటింటి అల్మారాలో. భోజనం తర్వాత ఎవరి ఇష్టం వారిది. సాయంత్రం ఒక్కొక్కరు 1,500 మాటలు పైకి చదవాలి. తెలుగులో తొందర లేకుండా చదివితే పావుగంట పడుతుంది. వినేవాళ్లు రెండే చెప్పాలి: ఎక్కడ మనసు పక్కకు పోయింది, ఎక్కడ ఎవరు మాట్లాడుతున్నారో తెలియలేదు. "అలా కాకుండా ఇలా రాస్తే" అనడం నిషేధం, "అద్భుతం" అనడం కూడా. పొగడ్త మొదలైతే ఐదుగురూ మొహమాటంలో పడతారు, ఆ సాయంత్రం కాస్తా సన్మాన సభ అవుతుంది. పైకి చదివితేనే దొరికేది సంభాషణల యాస. కథనం గుంటూరులో మొదలై, ముసలమ్మ చిత్తూరు మాట మాట్లాడుతూ మధ్యలో పత్రికాభాషలోకి జారిపోతుంటే కంటికి కనిపించదు, చెవికి వెంటనే తెలుస్తుంది.

చివరి రోజు పూర్తిగా అక్షరాల పని. మేం యూనికోడ్‌లో (ఫోన్లలో, వెబ్‌లో కనిపించే మామూలు తెలుగు) టైపు చేస్తాం, డీటీపీలో ఇప్పటికీ పేజ్‌మేకర్ అనే పాత సాఫ్ట్‌వేర్, యూనికోడ్ కాని అను ఫాంట్లు. ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి మార్చేటప్పుడు పొల్లు దగ్గర అక్షరాలను విడిగా ఉంచే కనిపించని గుర్తు రాలిపోతుంది. "పార్క్‌లో" అని రాస్తే "పార్క్లో" అని వత్తు కిందికి దిగుతుంది. ఇంగ్లీషు మాటలు ఎక్కువున్న పుస్తకంలో ఇలాంటివి వందల్లో ఉంటాయి. అందుకే అలాంటి మాటల జాబితా రాసి ప్రూఫ్ రీడర్‌కు ముందే ఇస్తాం. రెండో జాబితా వర్ణక్రమానిది. వెళ్ళి అనాలా వెళ్లి అనాలా, చేయి అనాలా చెయ్యి అనాలా, ఏదో ఒకటి తేల్చుకోవాలి. తేల్చుకున్నాక కంప్యూటర్‌తో ఒకేసారి మార్చేయాలని సరదా పుడుతుంది. "చేయి"ని "చెయ్యి"గా మార్చమంటే అది "చేయించాడు"ను కూడా "చెయ్యించాడు" చేసి పెడుతుంది. ఒక్కొక్కటి చూసి మార్చడమే దారి.

ఇలాంటి వారాలు చెడిపోయేది ఎక్కువగా చిన్న విషయాల్లోనే. ఐదుగురికి రెండే బల్లలుంటే ముగ్గురు మంచం మీద రాసి రెండో రోజుకల్లా నడుం పట్టుకుంటారు. అద్దె మాట్లాడేటప్పుడు ఎన్ని పడకలని కాదు, చేతుల్లేని కుర్చీలు ఎన్ని, ఎన్ని ప్లగ్గులు పని చేస్తాయి, ఇన్వర్టర్ ఉందా అని అడగాలి. గురక పెట్టేవాళ్లకు విడి గది, ఇందులో మొహమాటం పనికిరాదు. కిటికీ తెరిచి బయటికి వెళ్తే కోతులు అరటిపళ్లతో ఆగవు, కాగితాలూ పట్టుకుపోతాయి. అన్నిటికంటే పెద్ద నష్టం మొదటి రాత్రి కబుర్లు. రాయల్టీ ఎగ్గొట్టినవాళ్ల గురించి మొదలుపెడితే తెల్లారిపోతుంది, మర్నాటి ఉదయం పోయినట్టే. ఆ చర్చకు గురువారం సాయంత్రం కేటాయించాం.

ఇక డబ్బు. అద్దె, భోజనం, ప్రయాణం కలిపి నా వాటా 13,500. 500 కాపీల మీద వేస్తే కాపీకి 27 రూపాయలు. దాన్ని ధరలో కలపడం లేదు, పాత పుస్తకం రెండో ముద్రణ మిగులులోంచి పెడుతున్నా. అయినా కొత్త పుస్తకం ధర 250, పాతదాని కంటే 50 ఎక్కువ. 70 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు 70 గ్రాములు) కాగితం, అట్ట, బైండింగ్ కలిపి కాపీకి 95, డీటీపీ, ముఖచిత్రం, ప్రూఫ్ రీడింగ్ మరో 36. పుస్తకానికి జీఎస్టీ లేదు కానీ కాగితం మీద 2025 సెప్టెంబరు 22 నుంచి 12 శాతం కాస్తా 18 అయింది. అమ్మేదాని మీద పన్ను లేదు కాబట్టి కట్టింది వెనక్కి రాదు. షాపుకు 40 శాతం పోతే చేతికి 150 వస్తుంది. మీరు నేరుగా కొంటే పోస్టేజీ, ప్యాకింగు మేమే పెట్టుకున్నా 215 దాకా వస్తుంది. 500లో నాలుగు కాపీలు, ప్రచురణకర్తలు గ్రంథాలయాలకు పుస్తకాలివ్వాలనే 1954 చట్టం ప్రకారం, జాతీయ గ్రంథాలయానికీ మరో మూడింటికీ, ఇంకొన్ని సమీక్షలకు పోతాయి.

రిజిస్టర్డ్ బుక్ పోస్ట్ 2024 డిసెంబరులో ఎత్తేశారు. ఇప్పుడు తపాలా శాఖ పుస్తకాల కోసం పెట్టిన జ్ఞాన్ పోస్ట్‌లో పంపుతున్నాం. 300 గ్రాముల్లోపు 20 రూపాయలు, పన్ను అదనం. 240 పేజీల పుస్తకం దాదాపు 270 గ్రాములు తూగుతుంది, ప్యాకింగ్‌కు మిగిలేది 30. అందులో అట్టపెట్టె పట్టదు. ప్లాస్టిక్ కవరు, పైన బ్రౌన్ పేపరు, అంతే. మూల నలగకుండా కావాలంటే స్పీడ్ పోస్ట్ అని చెప్పండి, తేడా చార్జీ మీరిస్తే అట్టపెట్టెలో వస్తుంది.

కొత్త పుస్తకం ముందస్తు ఆర్డరుకు మాత్రం ఇప్పుడు డబ్బు పంపకండి. పేరు, పిన్‌కోడ్‌తో చిరునామా, సంతకం ఎవరి పేరు మీద కావాలో రాసి పంపితే చాలు. ప్రెస్సులో ఫారాలు ఎక్కాకే డబ్బు అడుగుతాం. నవంబరు 20 తప్పిపోతే ఆ సంగతి 21నే మీ అందరికీ వాట్సాప్‌లో వస్తుంది.