చికాగోలో ఉన్న అమ్మాయికి, ఆ ఇంటి నీళ్ళ పైపు గురించి

చి.ల.సౌ. అమ్మాయికి నాన్న ఆశీస్సులు.

మీరు కొన్న ఇల్లు వందేళ్ళ నాటిదని అల్లుడుగారు చెప్పినప్పటి నుంచి, ఆ ఇంటికి నీళ్ళు తెచ్చే పైపు ఒంటికి విషమైన సీసంతో (లెడ్) చేసినదేమోనన్న ఆలోచన నన్ను వదలడం లేదు. మంచినీటి పథకాల్లో పనిచేసి రిటైరైనవాణ్ణి కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను. నీకు ఏడో నెల నడుస్తోంది, అమ్మ ఒంట్లో చేరిన సీసం కడుపులోని బిడ్డకూ చేరుతుంది గనుక ఆలస్యం చేయవద్దు.

వీధిలోని పెద్ద పైపు నుంచి ఇంటి దాకా భూమిలో వచ్చే సన్నని పైపే సర్వీస్ లైన్. చిన్న ఇళ్ళకు దాన్ని సీసంతోనే వేయాలన్న నిబంధన చికాగోలో ఉండేది. 1986లో దేశమంతటా సీసపు పైపులను నిషేధించే దాకా అది నడిచింది. అందుకే ఆ ఊళ్ళో ఇప్పటికీ సుమారు 4 లక్షల సీసపు లైన్లు ఉన్నాయి. మిషిగన్ సరస్సు నీళ్ళు శుద్ధి కేంద్రం దాటేటప్పుడు బాగానే ఉంటాయి. సీసం ముఖ్యంగా కలిసేది చివరి ఆ కొన్ని గజాల్లోనే. పైపు లోపల రక్షణ పొర కట్టడానికి నీటిలో ఫాస్ఫేటు కలుపుతారు కానీ, ఆ పొర చెదిరితే ఏమవుతుందో మిషిగన్ రాష్ట్రంలోని ఫ్లింట్ నగరంలో చూశాం. అక్కడ 2014లో నది నీటికి మారి, తుప్పును అదుపుచేసే మందు కలపకపోవడంతో సీసం పసిపిల్లల రక్తంలోకి చేరింది.

నీళ్ళు మరిగించి చల్లార్చి తాగమని మీ అమ్మ ఫోనులో చెబుతోంది. క్రిములకు ఆ జాగ్రత్త మంచిదే కానీ, సీసం మరిగిస్తే పోదు. నీళ్ళు ఆవిరై తగ్గేకొద్దీ మిగిలిన నీటిలో దాని మోతాదు పెరుగుతుంది కూడా. రంగు, రుచి, వాసన లేవు గనుక నోటికి తెలియదు. త్వరగా ఉడుకుతుందని వేడినీళ్ళ కుళాయి నుంచి ఎసరు పట్టవద్దు, వేడి నీళ్ళలో సీసం ఇంకా తేలికగా కరుగుతుంది. తాగడానికి, వంటకు, రేపు బిడ్డకు పాలపొడి కలపడానికి చల్లనీళ్ళే పట్టి, సీసాన్ని తొలగిస్తుందని ఎన్‌ఎస్‌ఎఫ్ 53 అనే ప్రమాణం కింద ధ్రువీకరణ ఉన్న ఫిల్టరులో వడకట్టి వాడు. స్నానానికి భయం లేదు.

పైపు గోడలోంచి లోపలికి వచ్చే చోట అల్లుడుగారిని నాణెంతో మెల్లగా గీరి చూడమను. మెత్తగా గీరుకుపోయి వెండిలా మెరిస్తే, అయస్కాంతం అంటుకోకపోతే, అది సీసం. నగరపు సేవల నంబరు 311కు ఫోను చేస్తే నగరం వారు ఉచితంగా నీటి పరీక్ష కిట్టు పంపుతారు. రాత్రంతా కుళాయి వాడకుండా ఉంచి, పొద్దున్నే మొదటి నీళ్ళు పట్టాలి.

సీసమని తేలితే, ఖర్చు తగ్గుతుందని సగం మార్చడానికి మాత్రం ఒప్పుకోవద్దు. పైపు కోసినప్పుడు కదిలిన సీసపు రేణువులు ఊడి, కొంతకాలం నీటిలో సీసం మునుపటికన్నా పెరుగుతుంది. విస్కాన్సిన్‌లోని మ్యాడిసన్ నగరం 2001లో మొదలుపెట్టి, వీధి వైపు భాగంతో పాటు ఇంటివారి భాగాన్నీ మార్పించింది, అదే సరైన పద్ధతి. 2024 అక్టోబరులో వచ్చిన అమెరికా కేంద్ర ప్రభుత్వ నిబంధన సీసపు పైపులు మార్చడానికి నీటి సంస్థలకు సాధారణంగా 10 ఏళ్ళ గడువు ఇచ్చింది, చికాగో వంటి నగరాలకు ఇంకా ఎక్కువ. మీరు ఆ గడువు దాకా ఆగవద్దు. డబ్బు సరిపోకపోతే సంకోచించకుండా అడగండి, మేము సర్దుతాం.

కొత్త రాగి పైపు వేశాక కుళాయి మూతుల్లోని జాలీలు విప్పి కడిగి, చల్లనీళ్ళు చాలాసేపు వదలండి. ఆ తరవాత కూడా ఆరు నెలల పాటు ఫిల్టరు తీయకుండా, మరోసారి పరీక్ష చేయించి ఆ రిపోర్టు నాకు పంపు.

మీ నాన్న