‘పది సెకన్లలో ఆన్’ బోర్డు దించేశాం

కస్టమర్లందరికీ నమస్కారం అండీ. కొట్టు ముందు ‘హార్డ్ డిస్క్ తీసి ఎస్ఎస్‌డీ వేస్తాం, పది సెకన్లలో కంప్యూటర్ ఆన్’ అని ఉండే బోర్డు ఈ వారం దించేశాం. ఎస్ఎస్‌డీలు (హార్డ్ డిస్క్ బదులు డేటా దాచుకునే చిప్పుల డ్రైవులు) వేయడం మానేశామని కాదు. 2025 చివరి నుంచి ర్యామ్, ఎస్ఎస్‌డీ రేట్లు బాగా పెరిగాయి. మెమరీ చిప్పులు ఏఐ డేటా సెంటర్లకి తరలిపోతున్నాయి, చిల్లర మార్కెట్టుకి వచ్చేది తగ్గింది. క్రూషియల్ పేరుతో ర్యామ్‌లు, ఎస్ఎస్‌డీలు అమ్మే మైక్రాన్ కంపెనీ ఆ వ్యాపారమే ఎత్తేస్తున్నట్టు 2025 డిసెంబర్‌లో ప్రకటించింది. (ఇప్పటికే కొన్న క్రూషియల్ సరుకుకి వారంటీ ఉంటుందని కూడా చెప్పారు, కంగారు పడకండి.) ఈ రేట్లలో కేవలం తొందరగా ఆన్ అవడం కోసం మీ చేత డబ్బు పెట్టించడం మాకే సబబు అనిపించలేదు.

లెక్క చూడండి. హార్డ్ డిస్క్ మిషన్ పని చేసే స్థితికి రావడానికి రెండున్నర నిమిషాలు, ఎస్ఎస్‌డీది అర నిమిషం అనుకుందాం. రోజుకి ఒక్కసారి ఆన్ చేస్తే మిగిలేది రెండు నిమిషాలు. 300 రోజులకి పది గంటలు. వినడానికి పెద్దదే గానీ, ఇంట్లో స్విచ్ వేసి టీ పెట్టుకునే వాళ్ళకి ఆ రెండు నిమిషాలతో పనే లేదు. అదే నెట్ సెంటర్లో, మేత కొట్లో, కొబ్బరి కమీషన్ కొట్లో కరెంటు రోజుకి నాలుగుసార్లు పోయి, పోయినప్పుడల్లా మిషన్ ఆగిపోయి, కౌంటరు ముందు ఐదుగురు నిలబడి ఉంటే లెక్క వేరు.

వాళ్ళకి కూడా మేము ముందు చెప్పేది ఎస్ఎస్‌డీ కాదు. ఇన్వర్టర్ వెనక వైపు చూడండి, చాలా వాటికి యూపీఎస్ మోడ్, ఎకో లేదా నార్మల్ మోడ్ అని చిన్న స్విచ్ ఉంటుంది. నార్మల్‌లో ఉంటే కరెంటు మారడానికి పట్టే ఆ కాస్త జాప్యానికి ఫ్యాన్ ఆగదు గానీ కంప్యూటర్ ఆగిపోయి మళ్ళీ మొదలవుతుంది. యూపీఎస్ వైపు తిప్పితే చాలా మందికి అక్కడితో సరి. ఇన్వర్టర్ లేకుండా 600 వీఏ యూపీఎస్ వాడేవాళ్ళయితే, చేస్తున్న పని సేవ్ చేసి గోడ దగ్గర స్విచ్ ఆపి చూడండి. రెండు నిమిషాలు కూడా నిలవకపోతే లోపలి 12 వోల్టుల, 7 ఏహెచ్ బ్యాటరీ పోయినట్టే. అది మామూలుగా రెండు మూడేళ్ళకి మించి రాదు. ఇంకోటి, లేజర్ ప్రింటర్‌ని ఆ యూపీఎస్‌కి తగిలించకండి. కాగితం మీద పొడిని కరిగించే హీటర్ వేడెక్కేటప్పుడు ఒక్కసారిగా లాగే కరెంటుకి చిన్న యూపీఎస్ తట్టుకోలేదు, ప్రింటర్‌తో పాటు కంప్యూటర్ కూడా ఆగిపోతుంది.

ఇక ‘పది సెకన్లు’ అన్న మాట. లాగిన్ స్క్రీన్ వచ్చేదాకా కొలిస్తే ఎవరైనా పది సెకన్లు చూపించగలరు. మీరు కొలవాల్సింది బటన్ నొక్కినప్పటి నుంచి లెక్కలు రాసే ట్యాలీయో బ్రౌజరో తెరుచుకుని టైపు చేయగలిగే దాకా. హార్డ్ డిస్క్ మిషన్లో డెస్క్‌టాప్ కనబడ్డాక కూడా టాస్క్ మేనేజర్లో (కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కితే వస్తుంది) డిస్క్ 100 శాతం దగ్గరే కొట్టుకుంటూ ఉంటుంది. హార్డ్ డిస్క్ లోపల తిరిగే పళ్ళెం మీద డేటా చదివే ముల్లు ఒకసారికి ఒక చోటే ఉండగలదు, చదవాల్సిన ముక్కలేమో పళ్ళెం నిండా వేల చోట్ల ఉన్నాయి. ఎస్ఎస్‌డీకి తిరిగే పళ్ళెం, కదిలే ముల్లు లేవు కాబట్టి అసలు లాభం ఇక్కడ. ఆన్ అయ్యాక రోజంతా ప్రతి క్లిక్కుకీ వచ్చే ఆలస్యం పోతుంది.

నిన్నటిదాకా బాగా ఉన్న మిషన్ ఈ వారం ఉన్నట్టుండి పది నిమిషాలు తీసుకుంటుంటే దాన్ని స్లో అనుకుని వదిలేయకండి. చాలాసార్లు అది డిస్క్ పోతుందనడానికి గుర్తు. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేర్ తెరిచి ‘కరెంట్ పెండింగ్ సెక్టార్ కౌంట్’ (డిస్క్ సరిగ్గా చదవలేకపోతున్న చోట్ల లెక్క) వరుస చూడండి. చివరి గడిలో అన్నీ సున్నాలే ఉండాలి. వేరే అంకె ఏదైనా ఉంటే స్కాన్లు, రిపేర్లు ఏవీ నడపకుండా ముందు ఫోటోలు, ట్యాలీ డేటా బయటికి కాపీ చేసుకోండి. ఆ స్కాన్లే చావబోయే డిస్క్‌ని ఇంకా అరగదీస్తాయి. టక్ టక్ మని చప్పుడు వస్తుంటే కాపీ ప్రయత్నం కూడా వద్దు, ఆపేసి తీసుకురండి.

మన కోనసీమ తీరంలో ఉప్పుగాలి సంగతి ఒకటుంది. అంతర్వేది, ఓడలరేవు వైపు మిషన్లూ, రొయ్యల చెరువుల పక్కన షెడ్లలో పెట్టినవీ మొదటిసారి నొక్కితే స్క్రీన్ రాదు, రెండోసారో మూడోసారో వస్తుంది. అది స్లో స్టార్టింగ్ కాదు. ర్యామ్ పళ్ళ మీద చిలుము. ప్లగ్ పీకేసి, ర్యామ్ తీసి, పసుపు పచ్చని అంచుని పెన్సిల్ రబ్బరుతో మెల్లిగా రుద్ది, పొట్టు తుడిచి మళ్ళీ బిగిస్తే అయిపోయే పని. డిస్క్‌ని బోర్డుకి కలిపే సాటా కేబుల్ వదులైనా ఇలాగే విండోస్ ఒకసారి వస్తుంది, ఒకసారి రాదు. దీనికి ఎస్ఎస్‌డీ కొనిపించే వాళ్ళు ఉన్నారు, జాగ్రత్త.

‘రోజూ ఆఫ్ చేసి ఆన్ చేస్తున్నాం కదండీ, అయినా ప్రింటర్ పట్టుకోవట్లేదు’ అని ఫోన్లు వస్తుంటాయి. ఇది వేగం కోసం చేసిన ఏర్పాటు వల్లే. విండోస్ 8 నుంచి ఫాస్ట్ స్టార్టప్ అని ఒకటి పెట్టారు. షట్ డౌన్ కొడితే మీ ప్రోగ్రాములు మూస్తుంది గానీ, విండోస్ లోపలి భాగాన్ని డిస్క్ మీద దాచుకుని మర్నాడు అదే తెరుస్తుంది. డ్రైవర్ (ప్రింటర్ లాంటి వాటిని నడిపే సాఫ్ట్‌వేర్) తిక్క చేసి ఉంటే ఆ తిక్క కూడా దాచిపెట్టబడుతుంది. టాస్క్ మేనేజర్లో పెర్ఫార్మెన్స్, అందులో సీపీయూ నొక్కి ‘అప్ టైమ్’ చూడండి, రోజూ ఆపుతున్న మిషన్లో కూడా పన్నెండు రోజులు అని కనబడుతుంది. పూర్తిగా కొత్తగా మొదలవ్వాలంటే రీస్టార్ట్ కొట్టాలి, లేదా షిఫ్ట్ పట్టుకుని షట్ డౌన్. హార్డ్ డిస్క్ ఉన్నవాళ్ళు ఫాస్ట్ స్టార్టప్ ఉంచుకుని వారానికోసారి రీస్టార్ట్ చేయండి. ఎస్ఎస్‌డీ ఉన్నవాళ్ళు కంట్రోల్ ప్యానెల్లో పవర్ ఆప్షన్స్‌కి వెళ్ళి తీసేయొచ్చు, పోయేది కొన్ని సెకన్లే.

డబ్బు పెట్టకుండా చేసుకోగలిగేది ఇంకోటి. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కి టాస్క్ మేనేజర్ తెరిచి, స్టార్టప్ పేజీలో అక్కర్లేనివి డిజేబుల్ చేయండి. టోరెంట్లు, టీమ్స్, మీ దగ్గర ఇప్పుడు లేని పాత ప్రింటర్ తాలూకు సాఫ్ట్‌వేర్ పోనివ్వండి. యాంటీవైరస్, వేలిముద్ర మిషన్ ఆర్‌డీ సర్వీస్, జీఎస్టీ డిజిటల్ సంతకానికి వాడే ఎమ్‌సైనర్ జోలికి మాత్రం పోకండి.

మరి కొనాల్సింది ఎవరంటే, మిషన్ రోజంతా వాడుతూ ఇంకా హార్డ్ డిస్క్ మీదే విండోస్ నడుపుతున్నవాళ్ళు. 256 జీబీ చాలు, పాత డిస్క్ బాగుంటే ఫోటోలకి అదే ఉంచుతాం. 4 జీబీ ర్యామ్ ఉన్నవాళ్ళకి 8 చేయకుండా ఎస్ఎస్‌డీ ఒక్కటే వేస్తే సగం సుఖమే. ఇంటెల్ ఏడో తరం, అంతకంటే పాత ప్రాసెసర్ల విషయంలో ఒకటి ఆలోచించండి. మైక్రోసాఫ్ట్ జాబితా ప్రకారం అవి దాదాపు ఏవీ విండోస్ 11కి పనికిరావు, విండోస్ 10కి మామూలు అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయాయి. ఇళ్ళలో వాడేవాళ్ళు ప్రత్యేకంగా నమోదైతే భద్రత అప్‌డేట్లు 2026 అక్టోబర్ 13 వరకు. ఇప్పుడు కొనే రెండున్నర అంగుళాల సాటా ఎస్ఎస్‌డీ రేపు కొత్త డెస్క్‌టాప్‌లో పడుతుంది గానీ, కొత్త ల్యాప్‌టాప్‌లలో చాలా వాటికి ఆ చోటే ఉండదు. యూఎస్‌బీ డబ్బాలో బిగించి పెన్‌డ్రైవ్‌లా వాడుకోవాలి.

ఈ పరిస్థితుల్లో మేమిచ్చే కొటేషన్ రెండు రోజులకే పనికొస్తుంది, మూడో రోజు మళ్ళీ అడగండి. తెచ్చేటప్పుడు ల్యాప్‌టాప్ ఛార్జర్, పాస్‌వర్డ్, ట్యాలీ బ్యాకప్ పెన్‌డ్రైవ్ మర్చిపోవద్దు. విండోస్ 11 అయితే మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఉండే 48 అంకెల బిట్‌లాకర్ (డిస్క్‌కి విండోస్ వేసే తాళం) కీ రాసుకుని రండి. అది లేకుండా లాక్ పడితే మేమూ తెరవలేమండీ.