అద్దాల పరీక్షతో సరిపెట్టకండి, బీపీ ఉన్నవారి కంటి లోపలా చూడండి

సంపాదకుల వారికి నమస్కారం.

గత వేసవిలో ఒక ఉదయం మా అక్క పేపరు చదవబోతే, ఎడమ కంటి చూపులో కింది సగానికి తెర దించినట్టయింది. నొప్పి లేదు, ఎరుపు లేదు. అంతకుముందే ఏడాదిలో రెండుసార్లు అద్దాలు మార్పించుకుని ఉండటంతో, మళ్లీ పవర్ మారిందనుకుని అలవాటైన కళ్లద్దాల దుకాణానికే వెళ్లింది. మూడోనాడు కంటి డాక్టరు చుక్కల మందు వేసి, కంటిపాప పెద్దదయ్యాక లోపల పరీక్షించి, మొదట అడిగిన మాట "బీపీ మాత్రలు వేసుకుంటున్నారా అమ్మా?" అని. తలనొప్పి కూడా రావడం లేదు కదా అని ఆరు నెలల కిందటే ఆమె మాత్రలు మానేసింది. ఆ రోజు బీపీ 180/110 ఉంది.

కంటి లోపలి వెనుక పొర అయిన రెటీనాలో ధమని, సిర ఒకదాన్నొకటి దాటే చోట రెండింటికీ ఒకే తొడుగు ఉంటుందట. ఏళ్ల తరబడి రక్తపోటు ఎక్కువగా ఉంటే ధమని గోడ మందమై, బిరుసెక్కి, తనను ఆనుకుని ఉన్న పలుచని సిరను నొక్కేస్తుంది. సిరలో రక్తం నిలిచి గడ్డ కడితే, దాని వెనకున్న సన్నని నాళాల నుంచి రక్తమూ నీరూ కారి రెటీనా ఉబ్బుతుంది. అక్కకు మూసుకుపోయింది రెటీనా సిర పైకొమ్మ. కంట్లో బొమ్మ తలకిందులుగా పడుతుంది కాబట్టి చూపులో పోయింది కింది సగం.

కోత పెట్టకుండా రక్తనాళాలను నేరుగా చూడగలిగే చోటు మన శరీరంలో రెటీనాయే. అందుకు వీలు కల్పించిన ఆఫ్తాల్మోస్కోపు అనే పరికరాన్ని జర్మన్ శాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్జ్ 1851లోనే లోకానికి పరిచయం చేశాడు. బీపీ వల్ల రెటీనాలో వచ్చే మార్పులను కీత్, వాగెనర్, బార్కర్ అనే వైద్యులు 1939లో నాలుగు దశలుగా విభజించారు. మొదటి రెండు దశల్లో ధమనులు సన్నబడటం, సిరలు నొక్కుకుపోవడం డాక్టరుకు కనిపిస్తాయే గాని రోగికి సాధారణంగా ఏమీ తెలియదు. మూడో దశలో రక్తపు మరకలు, దూదిపింజల్లాంటి తెల్లని మచ్చలు వస్తాయి. నాలుగో దశలో కంటి నరం మొదలే వాచిపోతుంది. అది వెంటనే ఆసుపత్రికి పరుగెత్తవలసిన స్థితి. అప్పుడు కూడా బీపీని ఒక్కసారిగా దించితే కంటి నరానికి రక్తం అందక చూపు పోయే ప్రమాదం ఉంది కనుక సొంతంగా మాత్రలు మింగకూడదు.

మరొక పొరపాటును కూడా ప్రస్తావించాలి. కంటి ప్రెషర్ బాగుందన్నారు కాబట్టి బీపీ వల్ల కంటికి భయం లేదని మా ఇంట్లోనే అనుకున్నాం. కంటి ప్రెషర్ అంటే కంటిలోని ద్రవం ఒత్తిడి. అది నీటికాసులకు (గ్లకోమాకు) సంబంధించిన లెక్క, రక్తపోటు వేరు.

హైదరాబాదులో వైద్యానికి చోటు లేక కాదు ఇలా జరుగుతున్నది. మెహిదీపట్నంలో సరోజినీదేవి ప్రభుత్వ కంటి ఆసుపత్రి ఉంది, బంజారాహిల్స్‌లో ఎల్వీ ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ 1987 నుంచీ ఉంది. బీపీ చూసే చోటుకూ కన్ను చూసే చోటుకూ మధ్య దారి లేకపోవడమే నాకు కనిపిస్తున్న లోపం. 2018 ఆగస్టు 15న తెలంగాణ ప్రభుత్వం మొదలుపెట్టిన కంటివెలుగు వంటి కంటి పరీక్షల శిబిరాలు మళ్లీ జరిపినపుడు, నలభై దాటిన ప్రతి ఒక్కరికీ అక్షరాల బోర్డు దగ్గరే బీపీ కూడా చూడాలి. పేటల్లోని చిన్న ప్రభుత్వ క్లినిక్కులైన బస్తీ దవాఖానాల్లో బీపీ మాత్రలు తీసుకునేవారి చీటీ మీద, రెటీనా పరీక్ష చివరిసారి ఎప్పుడు జరిగిందో రాసే గడి ఒకటి ఉండాలి. చుక్కలు వేయకుండానే రెటీనా ఫొటో తీసే కెమెరాలు వచ్చాయి; కొన్ని దవాఖానాలకైనా వాటిని ఇచ్చి, ఫొటోలను పెద్దాసుపత్రి కంటి వైద్యులు చూసే ఏర్పాటు చేయవలసిందిగా వైద్య ఆరోగ్య శాఖను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇంజెక్షన్ల తర్వాత అక్కకు వాపు తగ్గింది. పెద్ద అక్షరాలు చదువుతోంది, చిన్నవి ఇప్పటికీ కుడి కంటితోనే.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
మలక్‌పేట, హైదరాబాద్