ట్రంకు పెట్టెలోని పాత క్రిస్మస్ కోసం సంఘస్థులకు విజ్ఞప్తి

ప్రభువునందు ప్రియమైన సంఘస్థులకు, ఊరు వదిలి హైదరాబాద్, బెంగళూరు, అమెరికాల్లో ఉంటున్న మన బిడ్డలకు వందనాలు.

గుడిలో పాస్టర్‌గారు ఆరాధనకు సిద్ధమయ్యే వెస్ట్రీ గది అటక మీది ట్రంకు పెట్టెను ఈమధ్య కిందికి దించాం. చెదలు పట్టిందేమోనని టెన్షన్ పడుతూనే మూత తీశాం. చెదలు లేవు గానీ వాన చెమ్మ లోపలికి దిగింది. రంగు కాగితాల గొలుసులు ఒకదానికొకటి అతుక్కుపోయాయి. గాజు బంతులు ఏడే మిగిలాయి, వాటి లోపలి వెండి పూత కూడా నల్లబడింది. సిగరెట్ పెట్టెల వెండి కాగితంతో చేసిన చిన్న చుక్కలు మాత్రం చెక్కుచెదరలేదు. (ఆ సిగరెట్లు కాల్చిందెవరని అప్పట్లో ఎవరూ అడిగినట్టు లేదు.)

అన్నిటికీ అడుగున నాటకం పరదా. నలభై దాటినవాళ్లకు గుర్తుండే ఉంటుంది. సినిమా బోర్డులు రాసే ఆర్టిస్టు వేసిన బేత్లెహేము అది. గొల్లలు గొంగళ్లు కప్పుకుని ఉంటారు. పశువుల తొట్టి పక్కన తాటిచెట్టు. దూత ముఖంలో ఆనాటి హీరోయిన్ పోలికలు. ఇప్పుడు మడతల వెంట రంగు పొరలుగా రాలుతోంది, యోసేపు చెయ్యి సగం పోయింది.

దీని మీద కమిటీలో గట్టి వాదనే జరిగింది. ప్లాస్టిక్ చెట్టు, ఎల్ఈడీ సెట్లు కొంటే ఒక్క పూటలో పనైపోతుందన్నారు కొందరు. నిజమే. పోయినేడు కొన్న సెట్లు కొత్త సంవత్సరం ఆరాధన దాకా కూడా వెలగలేదన్నదీ నిజమే. కాగితం పూలు డబ్బుల్లేని రోజుల సర్దుబాటు అని ఒకరన్నారు. అది మాత్రం ఒప్పుకోలేం. 1605లో స్ట్రాస్‌బర్గ్ పట్టణం గురించి రాసిన ఒక రాతలో, ఇళ్లలో ఫర్ చెట్లు నిలబెట్టి వాటికి రంగు కాగితాలతో కత్తిరించిన గులాబీలు, ఆపిల్ పళ్లు, మిఠాయిలు వేలాడదీస్తారని ఉంది. జర్మనీలోని లౌషా ఊరి గాజు పనివాళ్లు ఊదిన బంతులు చెట్టెక్కింది 19వ శతాబ్దంలో. అంటే కాగితమే ముందు! డాల్డా డబ్బాలో ఇసుక పోసి, సరుగుడు కొమ్మ నిలబెట్టి, దానికి గ్లేజు కాగితం పూలు కట్టిన మన పెద్దలు తెలియకుండానే ఆ పాత పద్ధతిలో నడిచారు.

వెదురు స్టారు సంగతీ అంతే. నీస్కీ అనే జర్మన్ ఊళ్లో మొరేవియన్లు అనే ప్రొటెస్టెంట్ క్రైస్తవ శాఖవారి బడిలో పిల్లలకు రేఖాగణితం నేర్పడానికి చాలా మొనలున్న కాగితపు నక్షత్రాలు చేయించేవారు. మన స్టారుకు ఐదు మొనలే అయినా, బద్దలు సమంగా చీల్చి పురికొసతో మూలలు బిగించడం అంత తేలిక కాదు. అది బాగా వచ్చిన తాతలు సంఘంలో ఇద్దరే ఉన్నారు. సండే స్కూలు పిల్లలకు నేర్పడానికి ఒప్పుకున్నారు.

ఇక డబ్బు విషయం. పరదాకు కొత్త గుడ్డ అతికి రంగులు దిద్దించడానికి రూ.18,000, చెమ్మ తగలని ఇనుప బీరువాకు రూ.8,000, వెదురు, కాగితాలు, పురికొసకు రూ.4,000, మొత్తం రూ.30,000 కావాలి. పరదా ముఖాలు మార్చవద్దని ఆర్టిస్టుకు గట్టిగా చెప్పాం. ఇంటికి రూ.200 ఇచ్చినా చాలు, ఎక్కువిచ్చినా కాదనం. కానుక కవరు మీద "పాత క్రిస్మస్" అని రాసి ట్రెజరర్‌గారికి ఇచ్చి రసీదు తీసుకోండి. పైసా పైసా లెక్క నోటీసు బోర్డు మీద పెడతాం.

డబ్బు ఇవ్వలేనివారు ఇంట్లో పాత క్రిస్మస్ కార్డులు, గాజు బంతులు, తళుకు తోరణాలు ఉంటే చూపించండి. కార్డులు ఫొటో తీసుకుని వెనక్కి ఇచ్చేస్తాం. అన్నట్టు, 1843లో లండన్‌లో అచ్చయిన తొలి క్రిస్మస్ కార్డు బొమ్మలో కుటుంబమంతా ద్రాక్షారసం తాగుతూ, చిన్నపిల్లకు కూడా పట్టిస్తూ ఉంటారు. ఆ రోజుల్లోనే గొడవైంది. అలాంటివి ఉన్నా తీసుకురండి, స్త్రీల సమాజానికి చూపించం!

స్టార్లు కట్టే పని నవంబరు చివరి శనివారం ఉదయం గుడి ఆవరణలో. మైదా జిగురు మేమే ఉడికిస్తాం. కత్తెరలు మాత్రం ఎవరివి వారే తెచ్చుకోవాలి, పోయినసారి మా కత్తెరలు ఐదు తిరిగి రాలేదు.

ఇట్లు,
సంఘ కమిటీ