"మెటీరియల్ ఎప్పుడిస్తారు మేడమ్?"

సంపాదకులు గారికి నమస్కారం.

చెన్నై శివార్లలోని ఒక ఇంజినీరింగ్ కాలేజీలో ఫస్టియర్ పిల్లలకు లెక్కలు చెబుతాను. ఆంధ్ర, తెలంగాణల నుంచి ఏటా మన పిల్లలు ఎంతోమంది ఇక్కడ చేరుతున్నారు, పొత్తేరి, వండలూరు వైపు హాస్టళ్ల దగ్గర ఎక్కడ చూసినా తెలుగే వినిపిస్తుంది. ఇంటర్లో మంచి మార్కులు తెచ్చుకున్నవాళ్లే. అయినా మొదటి సెమిస్టర్ అయ్యేసరికి చాలామందికి ఒకటో రెండో అరియర్లు (ఫెయిలై మళ్లీ రాయాల్సిన సబ్జెక్టులు), ఆ సంగతి ఇంట్లో చెప్పలేక టెన్షన్.

ఇందులో పిల్లల తప్పేమీ లేదు. రెండేళ్లపాటు పొద్దున లేచిన దగ్గర్నుంచి రాత్రి స్టడీ అవర్ ముగిసేదాకా ఏ గంటకు ఏం చదవాలో ఇంకొకరే చెప్పారు, మెటీరియల్ చేతికిచ్చారు, వారం వారం పరీక్ష పెట్టి ర్యాంకు వేశారు. ఇక్కడ అవేవీ ఉండవు. నేను ఐగెన్ వాల్యూల పాఠం చెబుతుంటే పెన్ను మూత తియ్యరు, బోర్డు నిండగానే ఫోన్లు పైకి లేస్తాయి. బెల్లు కొట్టగానే ఒకబ్బాయి వచ్చి "మెటీరియల్ ఎప్పుడిస్తారు మేడమ్, ఇంపార్టెంట్ ఏవి?" అంటాడు. టెక్స్ట్‌బుక్‌లో నాలుగు పేజీలు చదివి రమ్మంటే ఎక్కడ మొదలుపెట్టాలో తెలీదు. అర్థం కాలేదని చెప్పడానికి నా గది దాకా వచ్చి, గుమ్మంలోనే నిలబడి, వెనక్కి వెళ్లిపోయే అమ్మాయిలున్నారు.

కొత్తగా చేరినవాళ్లకు కాలేజీ అలవాటయ్యేలా మూడు వారాల ఇండక్షన్ ఉండాలని సాంకేతిక విద్యా మండలి ఏఐసీటీఈ 2017లోనే చెప్పింది, ఇరవై మందికో మెంటర్ అని కూడా అందులో ఉంది. 2019లో యూజీసీ కూడా 'దీక్షారంభ్' పేరుతో ఇలాంటి ఇండక్షన్ మార్గదర్శకాలే తెచ్చింది. నేను చూసిన చోట మాత్రం ఇండక్షన్‌ను నాలుగు రోజుల ప్రసంగాలతో సరిపెట్టేస్తున్నారు. ఆ మూడు వారాల్లో రోజూ ఒక గంట నోట్సు ఎలా రాసుకోవాలి, పుస్తకం సొంతంగా ఎలా చదవాలి, ఇంటర్నల్స్ మార్కులు ఎలా కలుస్తాయి అనేవి సెకండియర్ పిల్లల్ని పక్కన కూర్చోబెట్టి నేర్పించాలి. మెంటర్ పని ఇండక్షన్‌తో ముగియకూడదు. మొదటి ఇంటర్నల్‌లో మార్కులు తగ్గితే ఇంటికి మెసేజ్ పంపేముందు ఆ పిల్లవాణ్ణి పిలిచి మాట్లాడాలి, మరీ దిగులుగా కనిపిస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416 ఇవ్వాలి, అక్కడ తెలుగులోనూ మాట్లాడతారు.

మీ పత్రిక రెండు రాష్ట్రాల్లోనూ చదువుతారు కాబట్టి ఇంటర్ బోర్డులకు కూడా ఒక విన్నపం. సెకండియర్లో వారానికి ఒక్క పీరియడ్ అయినా మెటీరియల్ పక్కన పెట్టించి, పిల్లలే పాఠం చదువుకుని వాళ్ల ప్రశ్నలు వాళ్లే రాసుకునేలా చూడండి.

– ఒక అధ్యాపకురాలు, తాంబరం, చెన్నై